సీతమ్మ కొరికిన దండెం

మా ఇంట్లో చిలక ఉండేదని చెబితే ఎవరైనా ముందు అడిగేది ఒకటే. "మాటలొచ్చా?"

రాలేదు. సీతమ్మ మా ఇంట్లో పదిహేడేళ్లుంది. "రామా" అనలేదు, "అమ్మా" అనలేదు, గడప తొక్కిన ఏ చుట్టాన్నీ పలకరించలేదు. దాని భాష దానికే ఉండేది. పొద్దు వాలే వేళ చిలకల గుంపు మా మండువా మీదుగా గూళ్లకి పోతుంటే మాత్రం వసారాలో దండెం మీంచి ఒక్క అరుపు అరిచేది. ఆ అరుపుకి వంటింట్లో అమ్మ కూడా చేతిలో పని వదిలేసి కాసేపు అలా నిలబడిపోయేది.

అది మా ఇంటికొచ్చింది 1996 నవంబరు 7న. ముందురోజు రాత్రి వచ్చిన తుఫాను సంగతి కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. నాన్న అమలాపురం నుంచి తెచ్చిన మతాబులు, చిచ్చుబుడ్లు అటక మీదున్నాయి. మధ్యాహ్నం నుంచే గాలి గోల మొదలైంది. పొద్దు గూకేసరికి పెంకులు లేచిపోవడం మొదలైంది. అందరం నడిమి గదిలో ధాన్యం గాదె పక్కన చేరి చాపలు కప్పుకుని కూర్చున్నాం. నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఏడు. వాడు అమ్మ కొంగులో మొహం దాచుకున్నాడు. నేను తాతయ్య మోకాలు పట్టుకుని కూర్చున్నాను.

బయట చెట్లు ఒక్కోటీ విరుగుతుంటే తాతయ్య ఆ చప్పుడు వచ్చిన దిక్కుని బట్టి చెప్పేవాడు. "అది నుయ్యి పక్కది." "అది బోదెగట్టుది." "అది మీ నాన్న పుట్టినేడు వేసింది." కొంతసేపటికి చెప్పడం మానేశాడు. చప్పుళ్లు మాత్రం ఆగలేదు.

తెల్లవారి తలుపు తీస్తే ఆకాశం చాలా పెద్దదిగా కనబడింది. నాకు బాగా గుర్తున్నది అదే. పుట్టిన దగ్గర్నుంచి మట్టల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా చూసిన ఆకాశం ఆ రోజు నేలదాకా దిగి ఉంది. రెండెకరాల తోటలో నూట ముప్పై చెట్లు. నిండుగా నిలబడ్డవి పంతొమ్మిది. కొన్ని వేళ్లతో లేచి నీళ్లు పారే బోదెలో పడ్డాయి. కొన్ని నడిమికి విరిగాయి. మరికొన్ని తల తెగి మొండి మానులై నిలబడ్డాయి. కొబ్బరికి పక్క కొమ్మ రాదు. తలలోని లేత మొవ్వు ఒక్కటే దాని ప్రాణం. అది పోతే మాను ఎంత నిటారుగా ఉన్నా చెట్టు పోయినట్టే.

కింద పిట్టలు. కాకులు, కొంగలు, గోరింకలు, చిలకలు, తడిసిన గుడ్డ పేలికల్లా మట్టల మధ్య పడి ఉన్నాయి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా మనుషులే పోయారు. మా ఊరి కింద పల్లెల్లో ఏ ఇంట్లో విన్నా ఏడుపే. అలాంటి చోట ఒక చిలక గురించి రాయడానికి నాకు చాలా ఏళ్లు నోరు రాలేదు. కానీ ఆ చలికాలం మా ఇల్లు ఎలా గడిచిందో చెప్పాలంటే ఆ చిలకని పక్కన పెట్టి చెప్పలేను.

తాతయ్య తోటలో చివరిదాకా నడిచాడు. ఏ చెట్టు దగ్గరా ఆగలేదు. వెనక్కి వస్తూ ఒక మట్ట కింద ఏదో కదిలితే వంగి తీశాడు. పచ్చటి చిలక. ఎడమ రెక్క వేలాడుతోంది. పట్టుకోగానే ఆయన చూపుడువేలు కొరికేసింది. రక్తం కారుతున్నా ఆయన విడవలేదు. భుజం మీది తువ్వాలు తీసి దాన్ని చుట్టి, పొట్టకి ఆనించుకుని ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, "ఇదొక్కటి ఊపిరితో ఉందే" అన్నాడు మామ్మతో. ఆ తర్వాత చాలా రోజులు తాతయ్య నోటి నుంచి మేం విన్న పెద్ద మాట అదే.

నాన్న హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. రోడ్లన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి కాబట్టి పశువుల డాక్టరు ఆశ లేదు. పాత పంచె చింపి, రెక్కని మామూలుగా ముడుచుకున్నట్టే ఒంటికి ఆనించి పెట్టి, ఊపిరి ఆడేంత వదులుగా కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది, కానీ వంకరగా. మూడు వారాల తర్వాత కట్టు విప్పితే అది రెక్క విప్పబోయి ఒక పక్కకి ఒరిగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఒరిగింది. తాతయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ దీపావళికి మా ఊళ్లో ఎవరూ మతాబులు ముట్టించలేదు. కరెంటు చాలా రోజుల దాకా రాలేదు. లాంతరు వెలుగులో, వసారాలో కోళ్ల గంప కింద చిలక, గంప పక్కన మడతమంచం మీద తాతయ్య. పిల్లి భయానికి రాత్రిళ్లు గంప కింద పెట్టేవాళ్లం. పంజరం మాత్రం తాతయ్య తేనివ్వలేదు. ఎవరో పాత ఇనప పంజరం ఇస్తామంటే, "ఎగరలేనిదానికి తలుపెందుకయ్యా" అన్నాడు. పగలు దానికి చోటు వసారాలో బట్టలారేసే వెదురు దండెం. దాన్ని కొంచెం కిందికి దించి కట్టారు. నేలమీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి కిటికీ ఊచలకి, అక్కణ్నించి ముక్కుతో పట్టుకుంటూ, కాళ్లతో పాకుతూ దండెం మీదికి చేరడం అది నెల రోజుల్లో నేర్చేసుకుంది. ముక్కుని మూడో కాలులా వాడుతుంది చిలక. ఎగరలేని చిలకైతే మరీను.

సీతమ్మ అని పేరు పెట్టింది మామ్మ. మెడ చుట్టూ గులాబీ పట్టీ లేదు కనక ఆడదేనని అందరం అనుకున్నాం. 1999 వేసవికి మెడలో సన్నటి నల్లగీత, దాని వెనకే గులాబీ రంగు వచ్చాయి. మగ చిలకకి ఆ పట్టీ రెండు మూడేళ్ల వయసొస్తేగాని రాదని నాన్న ఏదో పుస్తకం తిరగేసి చెప్పారు. అంటే తుఫాను నాటికి అది ఆ వేసవిలోనే గూడు దాటిన పిల్ల. ఒక్క వానాకాలం చూసిందో లేదో, దాని మీదకి అంత గాలి వచ్చింది. మామ్మకి ఆ విషయమే పట్టింది, ఆడా మగా అన్నది పట్టలేదు. "పిల్ల తల్లీ, అప్పటికి నువ్వు పిల్లవా" అని వీపు నిమిరింది. పేరు మార్చలేదు. చివరిదాకా సీతమ్మే.

నానబెట్టిన శనగలు, జామకాయ, పాలకంకి మీదున్న వరి, పండుమిరప. ఇవి దాని ఇష్టాలు. పండుమిరప గింజలు తీరిగ్గా నములుతుంటే తమ్ముడు కళ్లనీళ్లు పెట్టుకుని చూసేవాడు, దాని నోరు మండుతుందేమోనని. పిట్టలకి ఆ కారం తగలదని నాన్న చెప్పినా వాడు నమ్మలేదు. పక్కన నీళ్ల గిన్నె పెట్టుకునే కూర్చునేవాడు.

తుఫాను తర్వాతి వేసవిలో విరిగిన మానుల్ని కొట్టించడం మొదలైంది. ఊరంతా మానులే, కొనేవాడికి లోకువ. దూలాలకీ వాసాలకీ కొంత పోయింది, బోదెల మీద వంతెనలకి కొంత పోయింది, మిగిలింది పొయ్యిలోకి. తల తెగిన మాను రెండు వానలు తిన్నాక పైభాగం మెత్తబడుతుంది. వడ్రంగిపిట్ట వచ్చి తొర్ర తొలుస్తుంది. దాని పని అయిపోయాక ఆ తొర్రలోకి చిలకలో గోరింకలో చేరతాయి. ఇది మాకు అప్పుడు తెలియదు. కొట్టిన మాను నేలకి తగిలి, తొర్ర పగిలి, రెండు గోరింక పిల్లలు దొర్లిపడ్డాకే తెలిసింది. చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసే బాబాయి వాటిని తలపాగాలో పెట్టుకుని తెచ్చాడు. "తప్పు పని జరిగిపోయిందండి పెదనాయుడు గారూ, లోపల పిల్లలున్నాయని చూసుకోలేదు" అని తాతయ్య ముందు పెట్టాడు.

కళ్లు తెరవని పిల్లలు. ఒంటి మీద ఈకలు లేవు, నోరు తెరిస్తే లోపలంతా పసుపు. కరెంటు బల్బు కింద పెడదామంటే అది ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. వరి ఊక నింపిన బుట్టలో, గుడ్డ చుట్టిన వేన్నీళ్ల సీసా పక్కన పడుకోబెట్టాం. నాన్న ఇంకు ఫిల్లరు మరగబెట్టి ఇచ్చారు. ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన నలిపి, నీళ్లతో జారుగా చేసి ఆ ఫిల్లరుతో పెట్టాలి. నేనూ తమ్ముడూ పొద్దున్నే చేలగట్ల మీద మిడతలు పట్టి, కాళ్లు తీసేసి తెచ్చేవాళ్లం. పిట్ట పిల్ల ఆకలి ఎంతదో చేసినవాళ్లకే తెలుస్తుంది. చీకటి నుంచి చీకటి దాకా అరగంటకోసారి నోరు తెరుస్తుంది. వాటి అమ్మానాన్న రోజంతా ఎగిరేది ఎందుకో ఆ వారంలో మాకు అర్థమైంది.

మూడో రోజు మధ్యాహ్నం చిన్నది బాగా నీరసంగా ఉందని నేను పాలు పట్టాను. అమ్మ నిద్రపోతోంది. గిన్నెలో ఆవుపాలు గోరువెచ్చగా ఉన్నాయి. పాలకంటే మంచి తిండి లోకంలో ఉంటుందని పదకొండేళ్ల పిల్లకి ఎలా తోస్తుంది? ఆత్రంగా తాగింది. రాత్రికి విరేచనాలు. పొద్దునకి బుట్టలో కదలకుండా ఉంది. పాలు తాగి పెరిగే ప్రాణులు కావు పిట్టలు, పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి వాటి కడుపుకి లేదు. నాన్న ఈ మాట నాతో చాలా మెల్లగా, నెల పోయాక చెప్పారు. పిల్ల చనిపోయిన రోజు మాత్రం ఒక్క మాటా అనకుండా నాతోపాటు నుయ్యి వెనక గొయ్యి తీశారు. ఇప్పటికీ ఎవరైనా చిలక్కి పాలన్నం పెడుతున్నారని వింటే, ఎవరింట్లోనైనా సరే, నేను చెప్పకుండా ఊరుకోలేను.

రెండోది బతికింది. ఈకలొచ్చాయి. మూడు వారాలకి బుట్ట అంచు మీద కూర్చునేది. ఒకరోజు మండువాలోంచి లేచి నేరుగా పెంకుల మీదికి పోయి కూర్చుంది. కిందికి రమ్మని తమ్ముడు ఏడుపు. తాతయ్య వాణ్ని ఎత్తుకుని, "పోనీరా, దాని పనే అది" అన్నాడు. తుఫాను తర్వాత ఆయన నవ్వుమొహం నేను చూసింది ఆ పూటే. గోరింక వారంపాటు తిండివేళకి వచ్చి పోయేది. తర్వాత రెండురోజులకోసారి. వానలు పడ్డాక ఇక రాలేదు. మా చూరు కింద మరుసటి ఏడు గూడు పెట్టిన గోరింకల జంటలో ఒకటి అదేనని తమ్ముడి వాదన. అవునో కాదో, వాడు గట్టిగా నమ్మాడు, నేను కాదనలేదు.

మానులన్నీ అమ్మేస్తుండగా తాతయ్య మూడింటిని ఆపేశాడు. బోదెగట్టు మీద వరసగా ఉన్న మూడు మొండి మానులు. బేరగాడు ఎంత అడిగినా, "అవి అమ్మకానికి లేవు" అనేశాడు. నాన్నకి కూడా కారణం చెప్పలేదు. పొద్దున కాఫీ తాగి, కుర్చీ తీసుకెళ్లి వాటికెదురుగా వేసుకునేవాడు. వడ్రంగిపిట్ట టకటకలాడించేది. 1998 మాఘమాసంలో నడిమి మానులో చిలకలు దిగాయి. ఆ రోజు తాతయ్య పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి సీతమ్మని భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. దానికి చూపించడానికి. సీతమ్మ తొర్ర కేసి చూసిందో లేదో నాకు తెలీదు. తాతయ్య చెవి కొరుకుతూ కూర్చుంది.

మా ఇంట్లో పిట్టల్ని పెంచుతారని ఊళ్లో పేరు పడిపోవడం వల్ల ఒక చెడ్డపని మొదలైంది. కుర్రాళ్లు చెట్లెక్కి, తల్లిదండ్రులున్న గూళ్లలోంచి పిల్లల్ని తీసుకొచ్చి, "తాతగారండీ, మీకోసం తెచ్చామండి" అనేవాళ్లు. చేతిలో ఏమైనా పెడతారని ఆశ. తాతయ్యకి కోపం రావడం నేను చూసింది అలాంటప్పుడే. మొదటిసారి చిలక పిల్లలు మూడింటిని జేబుల్లో పెట్టుకొచ్చారు. "ఏ చెట్టురా?" అని అడిగి, దింపు బాబాయిని పిలిపించి, అందర్నీ వెంటబెట్టుకుని వెళ్లాడు. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక ముట్టదని కుర్రాళ్లు అన్నారు. మామ్మ కూడా అదే అంది. బాబాయి మోకుతో చెట్టెక్కి పిల్లల్ని తొర్రలో పెట్టి దిగాడు. అందరం దూరంగా పశువుల పాక చాటున కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో, కాళ్లు తిమ్మిరెక్కాయి. చివరికి తల్లి వచ్చింది. ముందు పక్క చెట్టు మీద వాలింది. తర్వాత తొర్ర అంచుకొచ్చింది. తల లోపలికి పెట్టింది. లోపల్నుంచి పిల్లల కీచుకీచులు వినపడ్డాయి. "తగిలిందిరా చెయ్యి? వదిలేసిందా?" అన్నాడు తాతయ్య కుర్రాళ్లతో. ఆ తర్వాత ఆ కుర్రాళ్లలో ఇద్దరు ప్రతి వేసవీ తోటలో గూళ్లకి కాపలా ఉండేవాళ్లు.

మన చిలకల్ని పట్టడం, అమ్మడం, పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని నాన్నకి తర్వాతెప్పుడో తెలిసింది. ఆయన చాలా కలవరపడ్డారు. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ రెక్కతో సీతమ్మని తోటలో వదిలితే పిల్లి పాలే. అందుకే ఉంచుకున్నాం. కానీ మరో చిలక మా గడప లోపలికి రాలేదు. ఈ మధ్య ఎవరైనా కింద పడ్డ పిల్ల దొరికిందని అడిగితే నేను చెప్పేది తాతయ్య చేసిందే: గూడు కనబడితే అందులో పెట్టి దూరంగా జరగండి. గాయమైతే అటవీశాఖ వాళ్లకి చెప్పండి. పాలు పట్టొద్దు.

గుడ్లగూబ సంగతి చెప్పకపోతే మామ్మకి అన్యాయం చేసినట్టు. పిడికిలంత పిల్ల, నూతిగట్టు పక్కన దొరికింది. పెద్ద పసుప్పచ్చ కళ్లు. మామ్మ దాన్ని గడప తొక్కనివ్వనంది. "ఇప్పటిదాకా జరిగిన అరిష్టం చాలదా" అని గుమ్మానికి అడ్డం కూర్చుంది. తాతయ్య వాదించలేదు. కొబ్బరికాయల కొట్లో, పీచు కుప్ప మీద దానికి చోటిచ్చాడు. ఇంట్లోకి తేలేదు కదా! ఎలుకలు కొబ్బరి పిందెల్ని ఎంత పాడు చేస్తాయో తోట ఉన్నవాళ్లకి తెలుసు. "ఇది మన కాపలాదారే" అని మాత్రం అన్నాడు. రోజుకోసారి అది వేలెడంత ఉండ కక్కేది. నాన్న ఆ ఉండల్ని కాగితంలో చుట్టి స్కూలుకి పట్టుకెళ్లి, పదోక్లాసు పిల్లల చేత సూదితో విప్పించారు. లోపల పురుగుల రెక్కలు, చిట్టెలుక దవడ, దువ్వెన పళ్లంత పళ్లు. నేను ఆ క్లాసులో లేను, కానీ ఆ చిట్టెలుక దవడ అగ్గిపెట్టెలో చాలా ఏళ్లు నా దగ్గరుంది. గుడ్లగూబని వదిలే సాయంత్రం కొట్టు తలుపు తీసి అందరం దూరంగా నిలబడ్డాం. అది బయటికొచ్చి గుమ్మం మీద వాలి, మెడ మొత్తం తిప్పి మా అందర్నీ చూసింది. అప్పుడు చూశాను, మామ్మ కూడా వసారా స్తంభం పక్క నిలబడి ఉంది. చేతులు జోడించి ఉంది. దేనికని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

తాతయ్య ఆ మూడు మానుల చుట్టూ కొత్త మొక్కలు వేశాడు. డెబ్బై దాటిన మనిషి, కాపుకి రావడానికి ఆరేడేళ్లు పట్టే మొక్కల్ని వరసలు కట్టి నాటాడు. మానులు రెండు ఒకదాని తర్వాత ఒకటి వానలకి కూలిపోయాయి. మూడోది 2003 దాకా ఉంది. 2004లో ముందు వేసిన మొక్కలు గెలలేశాయి. ఆ గెలలు చూశాక, ఆ కార్తీకంలోనే తాతయ్య పోయాడు. పదకొండు రోజులూ ఇంటినిండా జనం. సీతమ్మ గాదె మీదెక్కి కూర్చుని కిందికి దిగలేదు. మామ్మే శనగలు పట్టుకెళ్లి పెట్టేది.

నేను చదువుకి, తర్వాత ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను. సెలవులకి వెళ్తే సీతమ్మ నన్ను గుర్తుపట్టేదని చెప్పాలనుంది గానీ, అది అందరి వేలూ ఒకేలా కొరికేది. 2013 డిసెంబరులో ఒక పొద్దున గంప ఎత్తితే చనిపోయి ఉంది. అమ్మ ఫోన్ చేసి, ముందు చలి ఎక్కువగా ఉందని చెప్పింది. తర్వాత వరి ధర గురించి చెప్పింది. ఆ తర్వాత ఏడ్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకని రాష్ట్ర పక్షిగా ప్రకటించిన రోజు కూడా అమ్మే ఫోన్ చేసింది. "మన సీతమ్మ ఉంటే బాగుండేదే" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లాను. తాతయ్య వేసిన చెట్లు ఇల్లు మొత్తానికీ నీడ పట్టాయి. ఆకాశం మళ్లీ ముక్కలు ముక్కలుగానే కనబడుతోంది. తెల్లవారి తలంటు పోసుకుని, పిల్లల దుప్పట్లు ఉతికి, వసారాలో దండెం మీద వేయబోతుంటే అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"నడిమిన వెయ్యకే! అక్కడ సీతమ్మ కొరికేసి సన్నబడిపోయింది, బరువుకి విరుగుద్ది. అంచుకి జరిపి వెయ్యి."

అంచుకి జరిపి వేశాను.